దిగడానికి ఫారం లేదు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి మా ఆడపడుచుకు పంతొమ్మిదేళ్ళు. అత్తామామలు అప్పటికే లేరు. మా ఆయనా, చెల్లెలూ, ఇద్దరే ఉండేవారు. ఆడపడుచు ఒకతె ఉందని తెలిసిన రోజు నుంచీ మా అమ్మ నన్ను ఎన్ని రకాలుగా భయపెట్టాలో అన్ని రకాలుగానూ భయపెట్టి పంపింది. మాటకు మాట అంటుందట, అన్నకు చాడీలు చెబుతుందట, నేను లేనప్పుడు నా పెట్టె తెరిచి చూస్తుందట.

వచ్చిన మొదటిరోజు ఆ పిల్ల నా గదిలోకి వచ్చింది. మంచం మీద పరిచిన కొత్త దుప్పటిని గుమ్మంలోంచే కాసేపు చూసింది.

"వదినా, పదకొండో వరసలో ఒక పువ్వు తిరగబడింది," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక వరసలు లెక్కపెట్టాను. నిజమే, అన్ని పువ్వులూ పైకి చూస్తుంటే అదొక్కటి కిందికి చూస్తోంది. అది నన్ను ఎత్తిపొడవడమో, ఇంటికి రమ్మని పలకరించడమో ఇరవై ఎనిమిదేళ్ళయినా నాకు తేలలేదు. చాడీలు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. నా పెట్టె జోలికి రాలేదు. మాటకు మాట అనడం కూడా లేదు, ఎందుకంటే చాలాసార్లు మొదటి మాటకే జవాబు ఉండేది కాదు.

ఆమెకు సామెతలంటే ప్రాణం. ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో కూడా పక్కనే రాసేది. ఎందుకే అని అడిగాను ఒకసారి.

"మనుషులు మామూలుగా మాట్లాడుతుంటే ఏ మాట ఎందుకొస్తుందో తెలీదు వదినా. సామెత అయితే ఎప్పుడూ అదే మాట, అదే చోట వస్తుంది," అంది.

దాంతో ఆమె కూడా సామెతలు వాడేది. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా అతికేవి. మిగిలిన రెండుసార్లూ వచ్చిన చుట్టాలు మా మొహాలు చూసేవారు.

చదువు అయిపోయాక ఉద్యోగాల వేట మొదలైంది. బట్టల షాపులో చేరింది. "ఇది నాకు నప్పిందా?" అని అడిగిన ముగ్గురికి "లేదు" అని చెప్పి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసింది. "అడిగింది వాళ్ళే కదా వదినా," అంది. ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని దొరికింది. అడిగినదానికి జవాబు చెప్పగానే పెట్టేసేది, ఉంటానండీ అనే మాట లేకుండా. లైబ్రరీలో మాత్రం ఏడు నెలలు ఉంది. పుస్తకాలన్నీ దారికొచ్చాయని అందరూ మెచ్చుకున్నారు కూడా. ఒకరోజు పైఅధికారులు చూడటానికి వస్తే, వాళ్ళ ముందే, "మీరు పోయిన మంగళవారం ఈ పుస్తకాన్ని తప్పు చోట పెట్టారు," అని లైబ్రేరియన్‌తో అంది. ఆ తర్వాత ఆమెను మళ్ళీ రమ్మనలేదు.

పన్నెండేళ్ళలో తొమ్మిది ఉద్యోగాలు. ప్రతిసారీ వచ్చే కాగితం ఒకటే: మీ సేవలు ఇక అవసరం లేదు. ఆ కాగితం నాకు చూపించి, "సేవలు బాగాలేవని రాయలేదు చూశావా," అనేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మా ఆయన మాత్రం తల పట్టుకునేవాడు. "మనసు పెట్టి చెయ్యదు," అనేవాడు. నాకు అదీ అర్థమయ్యేది కాదు. ఆమె చేసినంత మనసు పెట్టి పని చేసేవాళ్ళను నేను చూడలేదు.

నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. పాత బట్టలు బిగించడం, వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. మా ఆడపడుచుకు ముప్ఫై ఒకటో ఏట నా దగ్గరికి ఒకావిడ కోటు తెచ్చింది, గుండీ ఊడిపోయిందని. నా దగ్గర డబ్బా నిండా రకరకాల గుండీలు ఉంటాయి. ఒకటి తీసి చూపించాను. ఆవిడ సరేనంది.

"అది కాదు," అంది మా ఆడపడుచు పక్క కుర్చీలోంచి. "దాని చిల్లులు దగ్గరగా ఉన్నాయి." డబ్బాను బల్ల మీద బోర్లించి, అరనిమిషంలో ఒకటి ఏరి ఇచ్చింది. కోటుకున్న గుండీల పక్కన పెడితే కవల పిల్లలే.

ఆవిడ గుండీని వదిలేసి మా ఆడపడుచును చూడటం మొదలుపెట్టింది. ఆవిడ విత్తనాల పరీక్ష చేసే ల్యాబుకు పెద్ద. అక్కడ అందరూ పెద్దమేడం అంటారని తర్వాత తెలిసింది.

"మా దగ్గర పొద్దస్తమానం ఇదే పని. చేస్తావా?" అని అడిగింది.

"మాట్లాడాలా?" అంది మా ఆడపడుచు.

"అక్కర్లేదు."

"అయితే చేస్తాను."

ఆ ల్యాబును నేను చాలాసార్లు చూశాను. రైతులకు అమ్మబోయే విత్తనాల్లోంచి బస్తాకు గుప్పెడు చొప్పున అక్కడికి వస్తాయి. బల్ల మీద తెల్లకాగితం, మెడ వంచే దీపం, భూతద్దం, సన్నటి పట్టకారు. గుప్పెడు గింజలు పోసి ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోవాలి. మంచి గింజ ఒకవైపు, వేరే పంట గింజ ఒకవైపు, కలుపుగింజ ఇంకోవైపు, ఊకా మట్టిబెడ్డా మరోవైపు. తర్వాత కొన్నింటిని తడికాగితంలో చుట్టి మొలకెత్తిస్తారు, ఎన్ని మొలిచాయో చూసి కాగితం ఇస్తారు. అందరూ గంటకోసారి లేచి కళ్ళు కడుక్కుని వచ్చేవాళ్ళు. ఈమె భోజనం వేళకు కూడా పిలిస్తేనే లేచేది. ఆవగింజలా కనిపించే నాలుగు రకాల గింజలను ముట్టుకోకుండా చెప్పేసేది. అక్కడ ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. నాకు కోపం వచ్చింది. ఆమె మాత్రం, "సరిగ్గానే ఉంది," అంది.

పన్నెండేళ్ళకు పైగా ఆ బల్ల దగ్గర ఎవరి గొడవా లేకుండా పనిచేసింది. పక్కబల్ల అమ్మాయి ఆపకుండా మాట్లాడేది కాబట్టి ఆ అమ్మాయి పేరు రేడియో. ఆ వాగుడు నీకు ఇబ్బంది కాదా అంటే, "తను జవాబు కోసం ఆగదు. అందుకని బాగుంటుంది," అంది.

తర్వాత గోధుమల సంగతి వచ్చింది. విత్తనాలు పండించే ఒక ఫార్మ్ నుంచి వచ్చిన గోధుమలు సగానికి సగం మొలవలేదు. చెమ్మ తగిలి ఉంటుందన్నారు, పాత గింజలు కలిపి ఉంటారన్నారు. తిరిగి పంపేద్దామని కాగితం కూడా రాసేశారు. మా ఆడపడుచు మొలవని గింజలన్నీ తీసి నల్లకాగితం మీద వరసగా పేర్చింది.

"ఇది చెమ్మ కాదు. ప్రతి గింజకూ ఒకే వైపు, ఒకే ఏటవాలులో చెక్కు లేచింది. ఒకే వస్తువు తగిలింది," అంది.

అందరూ భూతద్దాలు పెట్టి చూశారు. సగంమందికి కనబడింది, సగంమందికి చూపించాక కనబడింది. ఆ ఫార్మ్‌కు ఫోన్ చేస్తే వాళ్ళు మండిపడ్డారు. అయినా పెద్దమేడం పట్టుబట్టి నూర్పిడి యంత్రం విప్పించింది. లోపల ఒక ఇనుప పట్టీకి బోల్టు వదులై, పట్టీ పక్కకు ఒరిగి తిరుగుతోంది. అది బిగించాక నూర్చిన గింజలన్నీ చక్కగా మొలిచాయి. ఆ ఏడాది విత్తనం దక్కింది.

పెద్దమేడం మా ఆడపడుచును ఆకాశానికెత్తింది. రెండు నెలల్లో ప్రమోషన్ ఇచ్చారు. ఎనిమిదిమంది మీద పెద్ద. అద్దాల తలుపున్న గది, ఫోను, తిరిగే కుర్చీ. బల్ల మాత్రం వేరేవాళ్ళకు ఇచ్చారు.

ల్యాబులో కేకు కోశారు. మమ్మల్నీ పిలిచారు. మా ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. రెండు మాటలు మాట్లాడమంటే మా ఆడపడుచు లేచి నిలబడి, "పొమ్మనలేక పొగబెట్టారు," అని కూర్చుంది.

అందరూ పడీపడీ నవ్వారు. పెద్దమేడం కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ తర్వాతి నెలల్లో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చునేది. పిలిస్తే చాలాసేపటికి పలికేది. సామెతలు ఆగిపోయాయి. వాటికి బదులు పొద్దున్నుంచీ విన్న మాటలు ఒక కాగితం మీద రాసుకొచ్చి నన్ను అడిగేది.

"'మీ ఇష్టం' అంటే ఏంటి వదినా?"

"ఇష్టం లేదని."

"ఎవరికి?"

"అన్నవాళ్ళకి."

"'చూద్దాంలెండి' అంటే?"

"చెయ్యబోమని."

"'మీకు తెలియనిదేముంది' అంటే?"

"ఒక్కోసారి పొగడటం. ఒక్కోసారి నీకేమీ తెలీదని."

"ఎప్పుడేదో ఎలా తెలుస్తుంది?"

చేతిలో ఉన్న చొక్కా పక్కన పెట్టాను. ఎలా తెలుస్తుంది? నాకు తెలుస్తుంది. కానీ ఎలా అంటే చెప్పలేకపోయాను. గొంతును బట్టి, మొహాన్ని బట్టి అన్నాను. ఆమె రాసుకుంది. ఇంకోరోజు "'అబ్బే, ఏం లేదు' అంటే?" అని అడిగింది.

"ఏదో ఉందని."

ఆమె కలం ఆపింది. "నువ్వు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాతో రోజూ ఆ మాటే అనేదానివి. 'ఏం లేదమ్మా, బాగానే ఉన్నాను' అని. అయితే అప్పుడు ఏముంది?"

నేను ఏం చెప్పను? పుట్టింటి మీద బెంగ. మొగుడు పట్టించుకోవడం లేదని కోపం. ఎవరైనా ఇంకోసారి అడిగితే బాగుండునన్న ఆశ. ఆమె ఇంకోసారి ఎందుకు అడగలేదో నాకు ఆ క్షణంలో తెలిసింది. తెలిసి కూడా, ఎవరిని నిందించాలో తెలియక మళ్ళీ అయోమయంలో పడ్డాను.

ఒకరోజు పొద్దున ఎప్పటిలాగే ఏడు నలభైకి బయల్దేరింది. పదకొండింటికి ల్యాబు నుంచి ఫోన్, ఇంకా రాలేదని. మా ఆయన సైకిలు మీద వెతుక్కుంటూ వెళ్ళాడు. మా వీధి చివరి బస్‌స్టాపులోనే ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన ప్రతి బస్సునూ పోనిస్తోంది.

"ఏ బస్సో మర్చిపోయావా?" అన్నాడట మా ఆయన, భయపడుతూ.

"బస్సు తెలుసన్నయ్యా. దిగాక ఏం చెయ్యాలో తెలీడం లేదు," అందట.

ఆ మాట నాకు చెబుతూ ఆయన ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు. మనసు పెట్టి చెయ్యదు అనే మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ మూడుసార్లు రమ్మంది, చిన్నప్పటి సంగతులన్నీ అడిగింది. మూడోసారి చెప్పింది, ఇది ఆటిజం అని.

"అది చిన్నపిల్లలకు కదండీ?" అన్నాను.

"ఆ పిల్లలు పెద్దవాళ్ళవరా అమ్మా?" అంది డాక్టరు.

ఇలాంటివాళ్ళలో కొందరికి వరసలో తేడా ఇట్టే కనబడుతుందట. అందరికీ కాదు, ఈమెకు మాత్రం ఉంది. గింజలు ఏరడం, అచ్చుతప్పులు దిద్దడం, లెక్కల పట్టికల్లో పొరపాటు పట్టుకోవడం, ఇలాంటి పనులు వాళ్ళకు నప్పుతాయట. అలా అని వాళ్ళంతా ఒకే పోత కాదు, మనిషిని చూసి పని చూడాలి అంది.

"జబ్బేనా మరి?" అన్నాడు మా ఆయన.

"చెప్పు కరిస్తే కాలు కోసుకుంటామా? చెప్పు మారుస్తాం. పని సంగతి కూడా అంతే," అంది. ఒక ఉత్తరం కూడా రాసి ఇచ్చింది.

తిరిగి వస్తూ బస్సులో మా ఆడపడుచు అడిగింది. "వదినా, ఆవిడ చెప్పింది మంచి సంగతా, చెడ్డ సంగతా?"

"తెలీదమ్మా," అన్నాను.

"నాకూ తెలీదు," అంది. నేను నిజం చెప్పినందుకు ఊరట పడినట్టు అనిపించింది. అదీ నా ఊహేనేమో.

నేను మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. కుట్టు మిషను ముందు కూర్చుని పాత రోజులన్నీ తిరగేశాను. మా అమ్మ పోయినప్పుడు, నేను గదిలో పడి ఏడుస్తుంటే, ఈమె గుమ్మంలోకి వచ్చి, "భోజనం ఎనిమిదింటికి పెట్టనా, తొమ్మిదింటికా?" అని అడిగింది. రాతిగుండె అనుకున్నాను. జవాబు చెప్పలేదు. తొమ్మిదింటిదాకా ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది, కదలకుండా. అది ప్రేమా? జవాబు కోసం ఎదురుచూడటమా? ఇన్నేళ్ళూ ఒకలా అనుకున్నదాన్ని ఇప్పుడు ఇంకోలా అనుకోవాలా? డాక్టరు ఇచ్చిన ఒక్క మాటతో నా ఇరవై ఐదేళ్ళ కోపాలు ఎటు పోవాలో తెలియకుండా పోయాయి.

వారం తర్వాత మా ఆడపడుచు, నేను కలిసి ల్యాబుకు వెళ్ళాం. నన్ను నా బల్ల దగ్గరికి పంపండి అని అడిగింది. పెద్దమేడం మొహం చిన్నబోయింది.

"నీకు మంచి చేద్దామనుకున్నాను," అంది.

"చేశారు. ఇప్పుడు తీసెయ్యండి."

ఆఫీసు గదిలో ఉండే అధికారి రూల్స్ పుస్తకం తెరిచాడు. పైకి ఎక్కించడానికి ఫారం ఉంది, బదిలీకి ఉంది, సెలవుకు నాలుగు రకాలున్నాయి. దిగడానికి లేదు. ఎవరినైనా కింది పోస్టుకు పంపాలంటే శిక్షగానే పంపాలట. శిక్ష వెయ్యాలంటే తప్పు ఉండాలి.

"ఏదో ఒక తప్పు చేశానని రాసివ్వండి, పని జరిగిపోతుంది," అన్నాడు పాపం, సాయం చేద్దామనే.

"ఏ తప్పు?"

"ఏదైనా. పనిలో అశ్రద్ధ అనండి."

"ఏ తేదీన?"

"ఏదో ఒక తేదీ వెయ్యండమ్మా."

"ఆ తేదీన నేను అశ్రద్ధగా లేను. ఏ తేదీనా లేను. వెతికి చూసుకున్నాను."

ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తప్పు రాయకపోతే ఆమె ఆ గాజుగదిలోంచి బయటికి రాలేదు. రాస్తే అబద్ధమవుతుంది. అబద్ధం ఆమెకు చేతకాదు. డాక్టరు ఉత్తరం తీసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇది పెడితే ఏ పనికీ పనికిరారని పైవాళ్ళు అనుకోవచ్చు. పెట్టకపోతే కారణం లేదు. నాకేం పాలుపోవడం లేదు," అన్నాడు.

నాకు దారి దొరకలేదు, ఆయనకూ దొరకలేదు, పెద్దమేడానికీ దొరకలేదు. దొరికింది మూలన బీరువా పక్కన కూర్చునే ముసలి గుమాస్తాకు. ఆయన అంతసేపూ మా మాటలు వింటూ ఏదో పాత సర్క్యులర్ కట్ట విప్పుతున్నాడు. ప్రమోషన్ ఇచ్చిన ఆరు నెలల లోపు ఉద్యోగి నిరాకరించవచ్చు అని ఒక ముక్క ఉంది అందులో. ఆరు నెలలు నిండటానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"నిరాకరిస్తే ఈ జన్మలో మళ్ళీ ప్రమోషన్ రాదమ్మా, ఆలోచించుకో," అన్నాడు గుమాస్తా.

"సంతకం ఎక్కడ?" అంది మా ఆడపడుచు.

కాగితం మీద తనే రాసింది. "నేను ఈ ప్రమోషన్‌ను నిరాకరిస్తున్నాను. మొదటిరోజు కూడా నిరాకరించాను. అప్పుడు అందరూ నవ్వారు. ఎవరూ రాసుకోలేదు." రెండో వాక్యం నుంచి కొట్టేయమన్నాడు అధికారి. అవి నిజమేనంది. పెద్దమేడం ఆ కాగితం చదివింది. ఏమీ కొట్టెయ్యకుండానే పైకి పంపింది.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఆమె బల్ల ఆమెకు వచ్చింది. అద్దాల గదిలో ఆమె బదులు పక్కబల్ల అమ్మాయి రేడియోను కూర్చోబెట్టారు. రేడియో ఆ పనిని చేపపిల్ల ఈదినట్టు చేస్తుంది. ఫోనులో గంటసేపు మాట్లాడి ఎదుటివాళ్ళను నవ్వించి పని చేయించుకుంటుంది. కానీ ఇద్దరికీ పొసగడం లేదని ఈ మధ్య తెలిసింది. పోయిన ఆదివారం రేడియో మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"అక్కా, మీరైనా చెప్పండి. రిపోర్టులో 'సుమారుగా' అని నేను ఒక్క మాట వేస్తే సంతకం చెయ్యనంటుంది. పైనుంచి రోజూ నాకు తిట్లు. నేను తన మనిషిని కాదా?"

నేను టీ ఇచ్చాను. ఆ పిల్లకు అన్యాయం జరుగుతోందనిపించింది. మా ఆడపడుచుది తప్పు కాదనీ అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియక, "ఇంకో కప్పు తాగమ్మా," అన్నాను.

ఆమె వెళ్ళాక మా ఆడపడుచు గదిలోకి వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది.

"అంతా విన్నావా?"

"విన్నాను. 'నేను తన మనిషిని కాదా' అంటే ఏంటి?"

"నువ్వంటే తనకు ఇష్టమని. నువ్వు మాట వినడం లేదని బాధ అని."

"రెండూనా?"

"రెండూ."

ఆమె గోళ్ళు కత్తిరించడం ఆపింది. "'సుమారుగా' బదులు అంకె వెయ్యమను. అంకె నేను ఇస్తాను," అంది.

అసలు ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "ఇప్పుడు నీకు హాయిగా ఉందా?"

"తలనొప్పి రావడం లేదు," అంది.

దాన్ని అవును అనుకోవాలా? అడుగుదామని నోరు తెరిచి, మానేశాను. రేపు పొద్దునే రేడియోకు ఫోన్ చేసి ఆ అంకె సంగతి చెప్పాలి.